మేడగదిలో పొడిగాలి

రంగూన్ శివారులోని మా ఇన్సేన్‌లో ఒకప్పుడు జూలియట్ అత్త మాటంటే కాగితం కింద లెక్క. గొప్ప కోసం చెబుతున్నాననుకోకండి, అక్షరాలా కాగితమే. రైల్వే వర్క్‌షాపు లైను ఇళ్లలో పుట్టిన మా తెలుగు పిల్లల్లో సగం మందికి పుట్టిన కాగితాలు లేవు. కొందరివి తుఫానులో కొట్టుకుపోయాయి, కొందరికి అసలు రాయించనే లేదు. పిల్లకో పిల్లాడికో గుర్తింపు కార్డు తియ్యాల్సొస్తే తల్లి ఏం చేస్తుంది? జూలియట్ అత్తను సైడుకారు రిక్షా ఎక్కించుకుని వార్డు ఆఫీసుకు తీసుకుపోతుంది. నలభై ఏళ్లు మంత్రసాని పని చేసిన మనిషి ఆవిడ. అక్కడివాళ్లు కూడా లేచి, పెద్దవాళ్లను పిలిచినట్టు మర్యాదగా 'దో జూలియట్' అని కుర్చీ వేస్తారు. ఆవిడ బర్మా భాషలో రెండే ముక్కలు చెబుతుంది: ఈ బిడ్డ నా చేతుల్లో పుట్టింది, నేను సాక్షిని. గుమాస్తా ఇంకేమీ అడగకుండా రాసుకుంటాడు. నా కార్డు కూడా అలా వచ్చిందే.

అలాంటి మనిషి మాటకు విలువ లేకుండా చేసినవాణ్ణి నేను. పేరు అహరోను. ఏసీలు, ఫ్రిజ్జులు బాగుచేస్తాను. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి వర్క్‌షాపులో సుత్తి పట్టాడు, మా నాన్నా అదే పట్టాడు, నేను గ్యాసు సిలిండరు పట్టాను. నా కోపం లైనంతా తెలుసు. పని తెలియనివాడు నా ముందు స్పానర్ ముట్టుకుంటే ఒళ్లు మండిపోతుంది. పని మాత్రం నాకు వచ్చు. ఆ 'వచ్చు' అన్న పొగరే నా కొంప ముంచింది.

రెండేళ్ల కిందట, వానలు మొదలవుతుండగా జెర్రీ వచ్చాడు. రంగూన్‌లోనే తాకేటా పేట కుర్రాడు, ముప్పై లోపే ఉంటాయి, బాంకాక్‌లో నాలుగేళ్లు పనిచేసి వచ్చాడు. ఇంట్లోనే పుట్టగొడుగులు పెంచే వ్యాపారం పెడతానన్నాడు. దానికో గది కావాలి, గదికో ఏసీ కావాలి. ఒంటి కుర్రాళ్లకు మా దగ్గర ఎవరూ గది ఇవ్వరు. అద్దెకొచ్చినవాడి పేరు వార్డులో రాయించాలి, వాడేం చేసినా ఇంటివాళ్లే జవాబు చెప్పాలి. అందుకని తెలిసినవాళ్లెవరైనా పూచీ ఉంటే తప్ప తలుపు తియ్యరు. జూలియట్ అత్త మేడగది ఖాళీగా ఉంది. భర్త పోయాక ఆవిడ కిందనే ఉంటోంది. ఏసీ పని నాకే దొరుకుతుందని నేను పూచీ పడ్డాను.

"నువ్వు సెప్పినాక నాను అడిగీదేటుంది నాయినా," అని ఆవిడ తాళంచెవి నా చేతిలో పెట్టింది. నడుముకున్న గుత్తిలో రెండోది ఉంచుకుంది.

జెర్రీ మేడ మీద ఒక డేరా కట్టాడు. బయట నల్లగుడ్డ, లోపల వెండిలా మెరిసే పూత, మధ్యలో జిప్పు. మనిషి నిలబడేంత ఎత్తు. పైన పెద్ద లైట్లు. నేను ఏసీ బిగిస్తుంటే పక్కన నిలబడి చెప్పాడు.

"అన్నా, లోపల ఇరవై ఐదు డిగ్రీలు దాటకూడదు. తేమ సగానికి దిగిపోవాల. దాని కోసం వేరే మిషను తెచ్చినాను."

నా చేతిలో స్పానర్ ఆగిపోయింది.

"పుట్టగొడుగులకేటిరా? మీ తాకేటాలోనే ఒక పుట్టగొడుగుల షెడ్డుకి ఫ్యాన్లు బిగించినాను. గోడల మీంచి నీల్లు కారతాయి అక్కడ. తడి నేకపోతే అది మొలవదు. నీకు పొడి ఏటికి?"

వాడు నవ్వాడు. దాచాలని కూడా చూడలేదు. డేరా జిప్పు లాగి చూపించాడు. వరసగా కుండీలు, వాటిలో జానెడు మొక్కలు, వేళ్లు చాపినట్టున్న ఆకులు. గంజాయి. మా లైన్లో పుట్టినవాడెవడికీ ఆ ఆకు గురించి పరిచయం అక్కర్లేదు.

"బాంకాక్‌లో షాపుల్లో పెట్టి అమ్మతన్నారన్నా."

"ఇది బాంకాక్ కాదురా యెదవా! ఆ కిటికీలోంచి సూడు, జైలు గోడ కనబడతాంది."

"అందుకే కదన్నా, ఇంత దగ్గర్లో ఎవడు సూస్తాడు? పోనీ ఎల్లిపో. కానీ ఒక్క మాట. రంగూన్ వానల్లో, ఈ కరెంటు కోతల్లో, ఒక గదిని ఇలగ పొడిగా నిలబెట్టగలిగినోడు నువ్వొక్కడివే. నువ్వు కాదంటే ఇంకెవడివల్లా అవదు."

ఆ మాటకు పొంగిపోయాను. నా మొహం మండ! నలభై ఆరేళ్లవాణ్ణి, ఇద్దరు పిల్లల తండ్రిని, ముప్పై ఏళ్లయినా లేని ఒక కుర్రాడు పొగిడితే పడిపోయాను. నిజానికి ఆ ఏడాది చేతిలో పని కూడా లేదు. కరెంటు నాలుగు గంటలుంటే నాలుగు గంటలు పోతుంది, ఎవరు ఏసీలు బాగుచేయించుకుంటారు? అది సాకు మాత్రమే. అసలు సంగతి, ఆ పని చేసి చూడాలనిపించింది.

మా వానలు మీకు తెలియకపోతే చెబుతాను. నాలుగు రోజులైనా బట్టలు ఆరవు. ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైపోతుంది. చెప్పులు బల్ల కింద పెడితే వారానికి బూజు పడుతుంది. అలాంటి గాలిలో ఒక చెక్కగదిని పొడిగా ఉంచడమంటే ఆటలు కాదు. చెక్కల సందులన్నీ స్పాంజి కుక్కి టేపు వేశాను. ఏసీ వేస్తే గది చల్లబడుతుంది గానీ తడి పూర్తిగా పోదు. తడి లాగే మిషను పెడితే తడి పోతుంది గానీ అది వేడి కక్కుతుంది. ఆ వేడికి ఏసీ ఇంకా గట్టిగా తిరగాలి. లైట్లు వెలిగితే ఒక లెక్క, ఆర్పేస్తే ఇంకో లెక్క; ఆర్పగానే చల్లబడి ఆకుల మీద తడి దిగుతుంది, మర్నాటికి మొగ్గ లోపల బూజు. కరెంటు పోతే అరగంటలో అంతా మొదటికొస్తుంది. బ్యాటరీలు పెట్టి ఫ్యాన్లయినా ఆగకుండా చేశాను. వాసన బయటికి రాకుండా బొగ్గు నింపిన డబ్బాలోంచి గాలిని లాగి పైకప్పు మీదికి వదిలాను. తేమ మీటరు ముల్లు కదలకుండా నిలబడిన రోజు నాకు కడుపు నిండిపోయేది. ఎందుకు నిలబెడుతున్నానో మర్చిపోయేవాణ్ణి. మర్చిపోయానని ఇప్పుడంటున్నాను గానీ, మర్చిపోలేదు. పక్కకు నెట్టేశాను.

ఆ మిషను లాగిన నీళ్లు రోజుకు రెండు బకెట్లు అయ్యేవి. నేనే కిందకు దించేవాణ్ణి. జూలియట్ అత్త వాటితో గచ్చు కడుక్కునేది. ఒకరోజు బకెట్టు వైపు చూస్తూ అడిగింది.

"ఒరే అహరోనూ, పుట్టగొడుగులు తడికి కదరా మొలుస్తాయి? మరి నువ్వేటి, ఇన్నేసి నీల్లు బయిటికి తీసేస్తన్నావు?"

డెబ్బై రెండేళ్ల మనిషి, ఏసీ అంటే ఏమిటో తెలియని మనిషి, నేను మొదటి రోజు అడిగిన ప్రశ్నే అడిగింది. నేను గొంతు సవరించుకున్నాను.

"అది పాత తడి అత్తా. పాత తడి తీసేసి కొత్త తడి ఎక్కించాల. నేకపోతే రోగమొస్తాది వాటికి."

పాత తడి, కొత్త తడి! పాతికేళ్ల పనితనమంతా ఆ రెండు మాటల్లో అమ్ముకున్నాను. ఆవిడ తల ఊపింది.

"నీ ఇద్దె నాకేటి తెలుస్తాది నాయినా," అంది. బకెట్టు ఎత్తుకుని లోపలికి పోయింది. ఆవిడ వీపు చూస్తూ నిలబడ్డాను. మొహం మీద ఎవరైనా ఉమ్మేస్తే బాగుండుననిపించింది.

వానలు వెనకబట్టాక మా చర్చిలో కోత పండుగ వచ్చింది. అన్ని చర్చిల్లోనూ ఉండేదే గానీ మాకో పట్టింపు ఉంది. బల్ల మీద పెట్టేది కొన్నది కాకూడదు. నీ ఇంట పండిందై ఉండాలి, లేదా నీ చేత్తో చేసిందై ఉండాలి. మా తాతలకు ఇక్కడ సెంటు భూమి లేదు. వాళ్లు వర్క్‌షాపు తుక్కు ఇనుముతో తలుపు గొళ్లేలు, కొక్కేలు చేసి తెచ్చి పెట్టేవారట. నేను ఏటా రాగి పైపు ముక్కలతో దీపపు స్తంభం చేస్తాను. జూలియట్ అత్త ఏటా కుండీలోని కరివేపాకు రెండు రెమ్మలు పెడుతుంది. ఆ ఏడాది ఆవిడ పాస్టర్ బెంజమిన్ గారికి ముందే చెప్పేసింది, మా మేడ మీద పండిన పుట్టగొడుగులు గంపెడు తెస్తానని. నన్నడగలేదు. అడగాల్సిన పనేముంది, ఆవిడ ఇల్లే కదా.

జెర్రీకి చెబితే వాడు భుజాలెగరేశాడు. "బజార్లో దొరుకుతాయి కదన్నా."

తెల్లవారి బజారుకు పోయి నాలుగు కట్టలు కొన్నాను. వెదురు నారలు తెంపి, అంచులు కాస్త చించి, వరిగడ్డి ముక్కలు చల్లి, గంపలో సర్దాను. నా భార్య టీనా వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది.

"ఏటండీ ఇవి? బజారుయి కావేటి?"

"నీకెందుకే! నోర్మూసుకో!" అని అరిచాను. తప్పు పట్టుబడినప్పుడల్లా నాకు కోపమొస్తుంది. ఆవిడ తెగిన నార ముక్కలు నేల మీంచి ఏరి పొయ్యిలో పడేసింది.

చర్చిలో జూలియట్ అత్త ఆ గంపను నెత్తి మీద పెట్టుకుని నడవలో నడిచింది. తెల్లచీర, కొత్త చెప్పులు. బల్ల మీద దింపి మా వైపు తిరిగింది.

"డెబ్బై రెండేల్లకి దేవుడి బల్ల మీద గంపెడు పంట పెట్టడం నాకిదే మొదలు. ఇది నా మేడగదిలో పండినాది. అహరోను సేతి పని. నాను సాక్షిని."

వార్డు ఆఫీసులో అనే మాటే. అందరూ చప్పట్లు కొట్టారు. పాస్టర్ గారు గంప మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకున్నాను, భక్తితో అనుకున్నారంతా. సిగ్గుతో చచ్చిపోతున్నాను లోపల. ఆ క్షణంలో లేచి ఉంటే ఇంత కథ ఉండేది కాదు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. ఎందుకవుతుంది! స్త్రీల సమాజంవాళ్లు వచ్చే గురువారం సాయంత్రం గృహ ప్రార్థన జూలియట్ అత్త ఇంట్లోనే పెట్టుకుంటామన్నారు. ప్రార్థన అయ్యాక మేడ మీదికి పోయి పుట్టగొడుగులు చూస్తారట, నేర్చుకుంటారట. నేను పరిగెత్తుకుపోయి, లోపల సన్నటి దుమ్ము లేస్తుంది, ఊపిరితిత్తులకు పడదు, ఎవరూ రావద్దని చెప్పాను. మరో అబద్ధం. అప్పటికి లెక్క తప్పిపోయింది.

గురువారం కరెంటు ఉండాల్సిన వేళకు లేదు. బ్యాటరీలు ఆ వారమంతా నీరసంగానే ఉన్నాయి, మార్చాలనుకుంటూనే ఉన్నాను. కింద ఇరవై మంది ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. నేను మేడ మెట్ల మీద కూర్చుని ఫ్యాను శబ్దం వింటున్నాను. రెండో చరణంలో అది సన్నబడింది. మూడో చరణంలో ఆగిపోయింది. బొగ్గు డబ్బా దగ్గర గాలి నిలిచిపోయింది. లోపల వేడెక్కిన వాసనంతా, టేపులు వేసిన సందుల్ని లెక్కచెయ్యకుండా, మెట్లు దిగుతూ పోయింది. తడిగడ్డి, పిల్లి ఉచ్చ, కుళ్లిన నిమ్మతొక్క కలిపితే ఎలా ఉంటుందో అలాంటి వాసన.

పాట తడబడింది. "ఏటా కంపు?" అని ఒకావిడ. "ఎలక సచ్చిందేటో" అని ఇంకొకావిడ.

జూలియట్ అత్త లేచి మెట్లెక్కింది. నేను అడ్డం నిలబడ్డాను.

"అత్తా, దుమ్ము. నీకు పడదు."

"తప్పుకో."

తప్పుకున్నాను. నడుము గుత్తిలోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచింది. డేరా జిప్పు తనే లాగింది. లోపల ఛాతీ ఎత్తు మొక్కలు. ఒక ఆకు తుంపి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంది. నలభై ఏళ్లు ఆ లైన్లలో గడప గడపా తిరిగిన మనిషి, ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. తిడుతుందని ఎదురుచూశాను. కొడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి.

"మరయితే ఆ గంప ఎక్కడిదిరా?" అంది.

గంజాయి ఊసెత్తలేదు. గంప అడిగింది.

"బజారుది," అన్నాను.

ఆవిడ బయటికొచ్చి మెట్టు మీద కూలబడింది. రెండు చేతులతో నోరు మూసుకుంది, ఆ నోటినే చూసి భయపడ్డట్టు. కాసేపటికి లేచి కిందికి పోయింది. "లోన పాడైపోయినాదమ్మా, తీయించీస్తాను. కిటికీలు తీసీయండి, పాడుకుందుం," అంది. వాళ్లతో అబద్ధం కూడా చెప్పలేదు చూడండి.

అందరూ వెళ్లాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది. నేను ఏడుస్తున్నాను.

"ఆపు. రేపు పొద్దుకూకేలోగా గది కాళీ అవ్వాల."

"వార్డులో తెలిస్తే నిన్ను తీసుకుపోతారత్తా. అందుకే..."

"తీసుకుపోతే పోతాను, ముసిల్దాన్ని. నా బాద అది కాదు. దేవుడి బల్ల దగ్గిర నాను సాక్షినన్నాను కదరా. ఆ నోటితోనే ఇంతమంది పిల్లలకి సాక్షం పలికినాను. ఆదివారం లేసి, ఆ గంప బజారుదని సెప్పు. ఆకు మాట ఎత్తకు, నీ పిల్లలున్నారు. గంప మాట ఒక్కటి సెప్పు. సెప్తావా?"

"చెప్తాను అత్తా. ఒట్టు."

మర్నాడు మొక్కలన్నీ నరికి, డ్రమ్ములో సున్నపు నీళ్లలో నానబెట్టి పాడుచేశాను. వాసన బయటపడిందనగానే జెర్రీ బెదిరి, డేరా, లైట్లు టాక్సీలో వేసుకుని పోయాడు. ఆ సాయంత్రం నుంచి వాడి ఫోను పలకలేదు.

ఆదివారం వచ్చింది. సాక్ష్యాలున్నవారు నిలబడండి అన్నారు పాస్టర్ గారు. ముందు బెంచీ చెక్క పట్టుకున్నాను. టీనా మోచేత్తో పొడిచింది. "లెగండి," అంది మెల్లగా. ఆవిడకు అంతా చెప్పేశాను ముందు రోజు. లేవాలనే ఉంది. గంప బజారుదంటే, మరి మేడ మీద ఏం పండిందని అడుగుతారు. పక్కన పిల్లలున్నారు. చేతులు చెక్కను వదల్లేదు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ కూర్చున్నాను.

జూలియట్ అత్త లేచింది. ఆవిడ నా వైపు చూడలేదు.

"కోత పండగనాడు నాను పెట్టిన గంప నా ఇంట పండింది కాదు. బజారుది. నాను సాక్షినని ఇక్కడ నిలబడి సెప్పినాను. నా నోరు అబద్దమాడింది. దేవుడూ మీరూ క్షమించాల."

"ఎవరు కొన్నారమ్మా? నీకు తెలీకుండా ఎవరైనా..." అన్నారు పాస్టర్ గారు.

"అన్నాది నా నోరు కదయ్యా," అని కూర్చుంది.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసల్ది గొప్పకు పోయి కొనుక్కొచ్చిందన్నారు బయట. పాపం వయసైపోయింది, మతి తప్పుతోందన్నారు ఇంకొందరు. అన్నాళ్లూ స్త్రీల సమాజానికి పెద్దగా ఉన్న ఆవిడ ఆ పెద్దరికం తనే వదిలేసింది. నేను ఆ మాటలన్నీ గేటు దగ్గర నిలబడి విన్నాను. ఒక్కరి నోరు మూయించలేకపోయాను. అంత కోపమున్నవాణ్ణి, ఆ రోజు ఏమైందో ఆ కోపం.

నెల తిరిగాక చర్చి హాల్లో ఫ్యాను ఆగిపోయిందని పిలిచారు. నిచ్చెన మీద ఉన్నాను. రంగూన్‌లోని పజుండౌంగ్ పేట నుంచి ప్రమోద అని ఒకామె వచ్చింది. పదేళ్ల కిందట మా లైన్లో కాపురమున్నప్పుడు కూతురు పుట్టింది. ఇప్పుడా పిల్లకు కార్డు తియ్యాలి, కాగితం లేదు. పాస్టర్ గారు జూలియట్ అత్తకు కబురు పెట్టారు. ముగ్గురూ నా నిచ్చెన కింద బల్ల దగ్గర కూర్చున్నారు.

"నీ సేతుల్లోనే పుట్టింది కదత్తా. ఒక్క మాట సెప్పడానికి వార్డుకి రా," అంది ప్రమోద.

పాస్టర్ గారు కాగితాలు సర్దుతూ, తల ఎత్తకుండా అన్నారు. "ఇంకో సాక్షి కూడా ఉంటే మంచిదేమో అమ్మా. మొన్నటి సంగతి వార్డుదాకా పోయింది."

జూలియట్ అత్త ప్రమోద వైపు తిరిగింది.

"ఆయన సెప్పింది నిజమేనమ్మా," అంది. "నా మాట ఇప్పుడు సెల్లదు. ఇంకొకల్ని సూసుకో."

"ఇంకెవరున్నారత్తా?" అంది ప్రమోద. "ఆ గదిలో నువ్వూ నేనే కదా ఉన్నాం."

నేను నిచ్చెన దిగాను. ముగ్గురూ నా వైపు చూశారు. జూలియట్ అత్త కూడా చూసింది, ఆ ఆదివారం తర్వాత మొదటిసారి. అడగలేదు, చూసింది అంతే. ఆవిడ మాట అబద్ధం కాదు, అబద్ధం నాది అన్న మాట నా నాలుక మీదికి వచ్చింది. నిజంగా వచ్చింది.

"ఫ్యాను బాగయిందండి," అన్నాను.

స్విచ్చి వేశాను. అది తిరిగింది. బల్ల మీది కాగితాలు ఎగిరిపోకుండా ఆవిడ అరచెయ్యి పెట్టి, "సల్లగా ఉన్నాది నాయినా," అంది.